బండికి అల్యూమినియం బంపర్: హైదరాబాద్ ఆఫ్‌రోడ్ మిత్రులు తరచుగా అడిగే ప్రశ్నలు

గుట్టల్లో, బురదలో తిప్పే నా ఆఫ్‌రోడ్ బండిని ట్రాలీ మీద వికారాబాద్ వైపు తీసుకెళ్తుంటే, టీ కోసం ఆగిన చోటల్లా ఎవరో ఒకరు దగ్గరికొచ్చి దాని అల్యూమినియం బంపర్‌ను వేలి కణుపుతో కొట్టి చూస్తారు. బాలానగర్ షెడ్ల ముందైనా, రాణిగంజ్‌లో బోల్టులు కొంటున్నప్పుడైనా అంతే. అడిగేవి దాదాపు అవే ప్రశ్నలు కాబట్టి జవాబులన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను. వరసగా చదవక్కర్లేదు, మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లవచ్చు.

## కొనాలా వద్దా అనుకుంటున్నప్పుడు

అన్నా, ఇది వేసుకుని రోడ్డెక్కితే పోలీసోళ్లు పట్టుకుంటరా?

పట్టుకోవచ్చు, చట్టం వాళ్ల వైపే ఉంది. బండి మీద బిగించే క్రాష్ గార్డులు, బుల్ బార్లు మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్‌కు విరుద్ధమని, చర్య తీసుకోవాలని కేంద్ర రవాణా శాఖ 2017 డిసెంబరులో అన్ని రాష్ట్రాలకూ రాసింది. రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలకు, తయారీదారు ఇచ్చిన అసలు రూపానికి తేడా వచ్చేలా బండిని మార్చకూడదని సుప్రీంకోర్టు 2019 జనవరిలో చెప్పింది. అదే ఏడాది చేర్చిన 182ఎ సెక్షన్ ప్రకారం, అనుమతి లేని ఒక్కో మార్పుకు యజమానికి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడవచ్చు. ప్రమాదం జరిగితే బీమా కంపెనీ సర్వేయరు మొదట చూసేదీ ఇదే.

అందుకే నేను ఈ బంపర్లను సొంత పొలాల్లో, ప్రైవేటు ట్రాకుల్లో, పోటీల్లో తిరిగే బండ్లకే చెబుతాను. రోజూ ఆఫీసుకు వెళ్లే బండికి కంపెనీ బంపరే ఉంచండి. గార్డు తగిలి నడిచే మనిషి కాలు విరగడం నేను కళ్లారా చూశాను. ఈ విషయంలో నా మాట మారదు.

అల్యూమినియం అంటే గిన్నెల లోహం కదా, బండి దెబ్బకు ఆగుతదా?

వంటింట్లో గిన్నె మెత్తటి స్వచ్ఛమైన అల్యూమినియం, పైగా మిల్లీమీటరు మందమే. బంపర్‌కు వాడేది మెగ్నీషియం లాంటివి కలిపిన మిశ్రమం. 6061-టీ6 రకం శాశ్వతంగా వంగడం మొదలయ్యేది సుమారు 276 మెగాపాస్కల్ (లోహం మీద పడే ఒత్తిడికి కొలత) దగ్గర. మన షెడ్లలో దొరికే మామూలు మైల్డ్ స్టీల్‌కు అది 250. బలంలో తేడా లేదన్నమాట.

తేడా వంగే స్వభావంలో ఉంది. అదే మందం, అదే బరువు మోపితే అల్యూమినియం స్టీల్ కన్నా మూడు రెట్లు ఎక్కువ వంగుతుంది. బరువు మాత్రం మూడో వంతే. ఈ రెండు లెక్కలూ కలిపి చూసి మందం, ఆకారం ఎంచుకుంటే నిలబడుతుంది. స్టీల్ డిజైన్‌ను అదే మందంలో అల్యూమినియంతో కొట్టిస్తే నిలబడదు.

నిజంగా ఎంత బరువు తగ్గుద్ది? ఆ పది కిలోల కోసం ఇంత ఖర్చా?

ఒక ముందు బంపర్‌కు సుమారు 1.2 చదరపు మీటర్ల రేకు పడుతుందనుకుందాం. 3 మి.మీ. స్టీల్‌తో చేస్తే రేకు బరువే 28 కిలోలు. 5 మి.మీ. అల్యూమినియంతో 16 కిలోలు. పన్నెండు కిలోలే కదా అనిపిస్తుంది. కానీ ఆ బరువు ముందు ఇరుసుకు కూడా ముందు వేలాడుతుంది. ఇరుసుల మధ్య దూరం 2,450 మి.మీ. ఉన్న థార్‌లో, ముందు ఇరుసుకు 800 మి.మీ. ముందర 40 కిలోలు బిగించారనుకోండి. ముందు ఇరుసు మీద 53 కిలోలు పెరుగుతుంది, వెనుక ఇరుసు మీద 13 కిలోలు తగ్గుతుంది. బండి ముక్కు కిందికి దిగుతుంది, బ్రేకు వేస్తే ఇంకా వంగుతుంది, గుంతలో స్ప్రింగు ముందే అడుగంటుతుంది.

జిమ్నీలాంటి 1,200 కిలోల బండికి ఈ తేడా స్టీరింగ్ పట్టుకోగానే తెలుస్తుంది. రెండున్నర టన్నుల పికప్‌కు, అదీ వించ్ (దిగబడిన బండిని తాడుతో లాగే యంత్రం) లేకుండా అయితే, స్టీల్ పెట్టుకున్నా పెద్ద నష్టం లేదు.

రాళ్ల మీద రాక్ క్రాలింగ్ చేస్తా. నాకు ఏది మంచిది?

స్టీల్. మన చుట్టుపక్కల గుట్టలన్నీ గ్రానైట్, దాని పలుకు గరుకు. స్టీల్ అంచు ఆ రాయి మీద జారిపోతుంది, అల్యూమినియం అంచును రాయి కొరికి పట్టుకుంటుంది. బంపర్ కింది అంచు ఒక్క ట్రిప్పుకే రంపం పళ్లలా తయారవుతుంది. అల్యూమినియమే కావాలంటే, కింది అంచుకు విడిగా 8 మి.మీ. పట్టీ బోల్టులతో బిగించండి. అరిగితే పట్టీ ఒక్కటే మార్చుకోవచ్చు. బురద, ఇసుక, నీళ్ల దారులు, దూర ప్రయాణాలు అయితే అల్యూమినియానికే నా ఓటు.

## డిజైన్ గీసేటప్పుడు

6061 మంచిదా, 5052 మంచిదా? షాపోడు రెండూ ఒకటే అంటుండు.

ఒకటి కాదు, ఇవి రెండు వేర్వేరు అల్యూమినియం మిశ్రమాల నంబర్లు. 6061-టీ6 వేడి చికిత్సతో గట్టిపడిన లోహం. బలం ఎక్కువ, కానీ బిగువుగా మడిస్తే మడత బయటి వైపు చిట్లుతుంది. 5 మి.మీ. రేకును మడవాలంటే లోపలి వంపు వ్యాసార్ధం కనీసం 15 మి.మీ. ఉంచాలి, ఇంకా ఎక్కువైతే మంచిది. 5052-హెచ్32 బలం కాస్త తక్కువ, 193 మెగాపాస్కల్ దగ్గర వంగుతుంది. కానీ చక్కగా మడతపడుతుంది, వెల్డింగ్‌కు బాగా ఒదుగుతుంది, ఉప్పు గాలికి తట్టుకుంటుంది.

నా పద్ధతి ఇది. మడతలున్న ముఖం, రెక్కలు 5052తో. మడత అవసరం లేని మందపాటి బ్రాకెట్లు, బోల్టులతో బిగించే ముక్కలు 6061తో. 5083 రకం దొరికితే ముఖానికి అది ఇంకా మేలు. రేకు కొనేటప్పుడు మిల్లు టెస్ట్ సర్టిఫికెట్ కాపీ అడగండి. స్క్రాప్ రేకుకు ఆ కాగితం ఉండదు, అందులో ఏ మిశ్రమం ఉందో ఎవరూ చెప్పలేరు.

ఎంత మందం పెట్టించాలె?

3 మి.మీ. స్టీల్ రేకు ఎంత వంగకుండా నిలుస్తుందో, అంతగా అల్యూమినియం నిలవాలంటే 4.3 మి.మీ. కావాలి. మందం పెరిగే కొద్దీ బిగువు దాని ఘనం (మందం × మందం × మందం) లెక్కన పెరుగుతుంది కాబట్టి మూడు రెట్ల లోటును ఆ కాస్త మందమే పూడ్చేస్తుంది. బరువు అప్పటికీ స్టీల్‌లో సగమే. బజారులో దొరికే కొలతల్లో ముఖానికి 5 మి.మీ., చాసిస్‌కు తగిలే పలకలకు 8 నుంచి 10 మి.మీ. సరిపోతాయి.

అంతకు మించి మందం పెంచడం కన్నా మడతలు పెంచండి. చదునైన 6 మి.మీ. రేకు కన్నా పైనా కిందా అంచులు మడిచి, మధ్యలో ఒక విరుపు ఇచ్చిన 5 మి.మీ. రేకు చాలా గట్టిగా ఉంటుంది. అట్టపెట్టెను గుర్తు తెచ్చుకోండి. విప్పి పరిస్తే వేలాడే అట్ట, మడిచి పెట్టె చేస్తే మీ బరువు మోస్తుంది.

బంపర్ ఎంత ముందుకు పొడుచుకొస్తే అప్రోచ్ యాంగిల్ పోతది?

ముందు చక్రం నేలను తాకే చోటు నుంచి బంపర్ కింది అంచుకు గీసిన గీతకూ నేలకూ మధ్య ఉండేదే ఆ కోణం. ఇక్కడ విక్రయించిన అయిదు తలుపుల జిమ్నీకి కంపెనీ చెప్పినది 36 డిగ్రీలు. బంపర్ వేసేది ఆ కోణం పెంచుకోవడానికి. కింది అంచును చక్రాల ముందు పైకి కోసి, మధ్య భాగాన్ని చాసిస్ కొమ్ములకు (బండి చట్రం ముందుకు పొడుచుకొచ్చే రెండు కొసలకు) వీలైనంత దగ్గరగా ఉంచండి. అందం కోసం కింద వేలాడే పళ్లెం పెట్టిస్తే బంపర్ వేసిన లాభమంతా పోయినట్టే.

ఎయిర్‌బ్యాగ్ తెరుచుకుంటదా లేదా?

గ్యారంటీగా తెరుచుకుంటుందని షెడ్డులో ఎవరూ చెప్పలేరు, చెప్పినా నమ్మకండి. ఢీకొన్నాక ఎయిర్‌బ్యాగ్ నిండడానికి సెకనులో ముప్పయ్యో వంతు సమయమే ఉంటుంది. అంతలో బండి వేగం ఏ తీరున పడిపోతోందో చూసి కంప్యూటర్ నిర్ణయం తీసుకోవాలి. కంపెనీ ఆ తీరును అసలు బంపర్‌తో, దాని వెనక నలిగిపోయేలా పెట్టిన క్రాష్ బాక్సులతో గోడకు కొట్టి నేర్పించింది. వాటిని తీసేసి నలగని లోహాన్ని నేరుగా చాసిస్‌కు బిగిస్తే, చిన్న దెబ్బకే తెరుచుకోవచ్చు, లేదా పెద్ద దెబ్బకు ఆలస్యం కావచ్చు.

కాబట్టి క్రాష్ బాక్సులను కోయించకండి. బంపర్‌ను వాటి ముందే నిలబెట్టి, బ్రాకెట్లు వాటితోపాటు నలిగేలా గీయించండి. ముందు సెన్సర్లను అంగుళం కూడా కదపవద్దు. వీటి తర్వాత కూడా సందేహం మిగిలే ఉంటుంది. అందుకే పిల్లలు ఎక్కే బండికి నేను వేయను.

వించ్, లాగే కొక్కేలు బంపర్‌కే వెల్డింగ్ చేయిస్తే సరిపోతదా?

సరిపోదు. ఇది నాకు అనుభవం మీద తెలిసింది.

మూడేళ్ల కిందట వానాకాలంలో తాండూరు దగ్గర స్నేహితుడి కంది చేను పక్కన నల్లరేగడిలో నా బండి ఇరుసుల దాకా దిగిపోయింది. బంపర్‌కు వెల్డింగ్ చేసిన అల్యూమినియం చెవికి షాకిల్ (U ఆకారపు ఇనుప కొండీ) తగిలించి ట్రాక్టర్‌తో లాగించాం. రెండో లాగుడుకు 'టప్' మని చెవి ఊడి, తాడుతో పాటు ట్రాక్టర్ వైపు దూసుకుపోయింది. డ్రైవరు తల పక్కనుంచి వెళ్లి మడ్‌గార్డుకు గుచ్చుకుంది. మనిషి బతికిపోయాడు. ఆ రాత్రి ఊడిన ముక్కను లైటు కింద పెట్టి చూశాను. విరిగిన ముఖంలో సగం కొత్తగా వెండిలా మెరుస్తోంది. మిగతా సగం మసకగా, నల్లబారి, మట్టి పట్టి ఉంది. అంటే సగం పగులు ఎన్నో వారాల ముందే వచ్చింది, పౌడర్ కోటింగ్ (పొడి రంగు పూత) కింద దాక్కుంది.

అందుకని లాగే బలం ఎప్పుడూ స్టీల్ మీదుగా చాసిస్‌కు చేరాలి. చాసిస్ కొమ్ములకు బోల్టులతో బిగించిన మందపాటి స్టీల్ చెవులు, బంపర్ ముఖంలో కోసిన సందుల గుండా బయటికి రావాలి. బంపర్‌కు ఆ బరువుతో సంబంధమే ఉండకూడదు. వించ్ పలక కూడా అంతే, స్టీల్‌తో చేసి రెండు చాసిస్ కొమ్ములను కలిపేలా బిగించాలి. సామాను నింపిన బండి బరువుకు ఒకటిన్నర రెట్లు లాగే వించ్ ఎంచుకోవడం వాడుక. 9,500 పౌండ్ల వించ్ అంటే సుమారు 4,300 కిలోలు, అదీ డ్రమ్ము మీద మొదటి చుట్టులోనే. పక్కకు లాగితే దాదాపు ఆ బరువంతా ఒకే కొమ్ము మీద పడుతుంది.

ముందు గొట్టాల గార్డు కూడా కలిపితే గట్టిగుంటది కదా?

హెడ్‌లైట్లను చెట్టు కొమ్మల నుంచి కాపాడుతుంది, అంతే. సన్నటి గొట్టం దెబ్బను మోయదు, వంగి బానెట్‌లోకి వస్తుంది. వద్దంటాను.

## షెడ్డులో చేయించేటప్పుడు

ఆర్గాన్ వెల్డింగ్ అందరూ చేస్తమంటరు. మంచి పనోణ్ణి ఎట్ల గుర్తుపట్టాలె?

ముందు శుభ్రం చేసే తీరు చూడండి. అల్యూమినియం 660 డిగ్రీలకే కరుగుతుంది. దాని మీద పొరలా ఉండే ఆక్సైడ్ కరగాలంటే 2,000 డిగ్రీలు దాటాలి. ఆ పొర తీయకుండా వెల్డ్ చేస్తే పైన అతుకు బాగా కనిపిస్తుంది, లోపల అతకదు. పనిమంతుడు ముందు అసిటోన్‌తో తుడుస్తాడు, తర్వాత అల్యూమినియానికి మాత్రమే వాడే స్టెయిన్‌లెస్ స్టీల్ బ్రష్‌తో గీకుతాడు. స్టీల్ రుద్దిన గ్రైండింగ్ రాయినే దీనికి వాడుతుంటే అక్కడి నుంచి వచ్చేయండి. మెషిన్ ఏసీ మోడ్‌లో ఉండాలి. అతుకులోకి కరిగించే ఫిల్లర్ కడ్డీ 5356 రకం అయితే ఈ పనికి బాగుంటుంది.

ఆ తర్వాత ఒక చిన్న పరీక్ష అడగండి. అదే మందం ఉన్న రెండు తుక్కు ముక్కలను ‘టి’ ఆకారంలో నిలబెట్టి ఒక్క వైపే వెల్డ్ చేయించండి. చల్లారాక వైస్‌లో పట్టించి, నిలువు ముక్కను వెల్డ్ వైపు పడేలా సుత్తితో కొట్టించండి. విరిగిన చోట మూల దాకా లోహం కలిసిపోయి ఉంటే మంచి చేయి. మూలలో నున్నటి గీత అలాగే కనిపించినా, తేనెపట్టులా బుడగలు కనిపించినా ఆ చేతికి మీ బంపర్ ఇవ్వకండి. అయిదు నిమిషాల పని. నిజంగా నేర్చిన వెల్డరు దీనికి చిన్నబుచ్చుకోడు, తనే ముందుకొచ్చి చేసి చూపిస్తాడు.

వెల్డింగ్ చేస్తే బలం సగానికి పడిపోతదంట, నిజమేనా?

6061-టీ6కు నిజమే. అతుకు పక్కన వేడి తగిలిన పట్టీలో వేడి చికిత్సతో వచ్చిన గట్టిదనం పోతుంది. 310 మెగాపాస్కల్ దగ్గర తెగాల్సిన లోహానికి అక్కడ డిజైన్ లెక్కల్లో 165 మాత్రమే తీసుకుంటారు. 5052లో తగ్గుదల తక్కువ, ఎందుకంటే దాని బలం ఎక్కువగా మెగ్నీషియం వల్ల వచ్చింది.

కాబట్టి అతుకు ఎక్కడ పడుతుందన్నదే డిజైన్. మూల మలుపులను రెండు ముక్కలు అతికి చేయకుండా ఒకే రేకును మడిచి చేయండి. అతుకులను వంపు ఎక్కువ పడే మధ్య భాగం నుంచి, బ్రాకెట్ అంచుల నుంచి దూరం జరపండి. అతుకు ముగిసే చోట గుంత మిగలకుండా నింపి ఆపాలి, అల్యూమినియంలో పగుళ్లు ఎక్కువగా ఆ చివరి గుంతలోనే పుడతాయి.

పౌడర్ కోటింగ్ వేయించాలా, అట్లనే వదిలేయాలా?

అలా వదిలేసినా తుప్పు పట్టదు, మసకబారుతుంది అంతే. కోటింగ్ వేయించేటట్టయితే అల్యూమినియానికి తగిన రసాయనంతో కడిగాకే వేయాలి. స్టీల్‌కు చేసినట్టే చేస్తే ఏడాదిలో పొక్కులు లేస్తాయి. నేను అతుకుల మీద కోటింగ్ వేయించను. పగులు వస్తే కంటికి కనిపించాలి.

స్టీల్ కన్నా అంత రేటెందుకు?

కిలో ధర ఎక్కువ, ఆర్గాన్ గ్యాస్ ఖర్చు, ఆ గ్యాస్‌తో చేసే టిగ్ వెల్డింగ్ మెల్లగా సాగే పని, చేయగలిగిన చేతులు తక్కువ. బేరమాడితే తగ్గేది సాధారణంగా ఇందులో చివరిదే, చేతి నైపుణ్యం.

## బండికి బిగించేటప్పుడు

ఏ బోల్టులు వాడాలె? కంపెనీ బోల్టులు చాలవా?

కంపెనీ బోల్టులు ప్లాస్టిక్ బంపర్ బరువుకు లెక్కేసినవి. తల మీద 8.8 అని (అది బలం గ్రేడు) గుర్తున్న 12 మి.మీ. బోల్టులు, ఒక్కో వైపు కనీసం నాలుగు తీసుకోండి. రాణిగంజ్‌లో అడిగితే గుర్తు చూపించి ఇస్తారు. గుర్తు లేనివి చవకగా వచ్చినా వద్దు. అల్యూమినియం మెత్తన కాబట్టి బోల్టు తల కింద వెడల్పాటి, మందపాటి స్టీల్ వాషర్ తప్పనిసరి, లేకపోతే తల లోహంలోకి దిగి బిగుతు పోతుంది. బిగుతు కొలిచే టార్క్ రెంచ్‌తో సుమారు 80 న్యూటన్ మీటర్లకు బిగించి, వంద కిలోమీటర్లు తిరిగాక మళ్లీ చూడండి.

ఇంకొకటి. ఎండలో అల్యూమినియం స్టీల్ కన్నా దాదాపు రెట్టింపు సాగుతుంది. చలికాలం తెల్లవారికీ మే నెల మిట్టమధ్యాహ్నానికీ లోహం వేడిలో 50 డిగ్రీల తేడా ఉంటే, మీటరున్నర బంపర్‌కూ స్టీల్‌కూ మధ్య 0.8 మి.మీ. తేడా వస్తుంది. అందుకే ఒక వైపు రంధ్రాలు గుండ్రంగా, రెండో వైపు అడ్డంగా కాస్త సాగదీసి ఉండాలి.

స్టీల్ తగిలితే అల్యూమినియం తినేస్తదంటరు?

రెండూ తాకుతూ, మధ్యలో తడి చేరితే అల్యూమినియం కరిగిపోతుంది. బోల్టు చుట్టూ తెల్లటి పొడి కనిపిస్తే అదే. మన ఊళ్లో ఇది మెల్లగా జరుగుతుంది. సూర్యలంకలోనో భీమిలిలోనో సముద్రపు ఇసుకలో తిప్పి, కడగకుండా ఉంచితే వేగంగా జరుగుతుంది. తాకే ముఖాలకు ప్రైమర్ కొట్టి, మధ్యలో సీలెంట్ రాయండి. జింకు పూత ఉన్న బోల్టులు వాడండి. చాలామంది నైలాన్ వాషర్లు వేస్తారు. లైట్లకు పర్వాలేదు, బరువు మోసే బోల్టు కింద వద్దు, అది నలిగి బిగుతు వదిలేస్తుంది.

రేడియేటర్‌కు గాలి ఆగిపోదా?

ఆగే డిజైన్లు ఉన్నాయి. ఎండాకాలం లో గేరులో గంటసేపు పాకితే ఇంజిన్ వేడి చూపే ముల్లు పైకి పోవడం చూస్తారు. అసలు బంపర్‌లో ఎంత సందు ఉందో కొలిచి, కొత్తదానిలో అంతకు తగ్గకుండా ఉంచండి.

## వాడుతున్నప్పుడు

పగులు వచ్చిందని ముందే ఎట్ల తెలుసుకోవాలె?

స్టీల్‌కు ఒక హద్దు ఉంటుంది, దాని కింద ఎన్నిసార్లు ఊగినా అలసిపోదు. అల్యూమినియానికి అలాంటి హద్దు లేదు. చిన్న అదురు అయినా లక్షల సార్లు పడితే లెక్కలోకి వస్తుంది. అందుకే ప్రతి పెద్ద ట్రిప్పు తర్వాత కడిగి అతుకుల అంచుల వెంట చూడండి. అతుకులో కాదు, అతుకు ముగిసి రేకు మొదలయ్యే గీత దగ్గర. దుమ్ము తుడిచాక కూడా వెంట్రుక లాంటి నల్లగీత మిగిలితే అనుమానించాలి.

అనుమానం తీరాలంటే డై పెనెట్రెంట్ స్ప్రేల సెట్ కొనుక్కోండి. శుభ్రం చేసి ఎర్ర రంగు కొట్టి, పది నిమిషాలు ఆగి, బట్టతో పూర్తిగా తుడవాలి. తర్వాత తెల్లటి డెవలపర్ కొడితే, పగులు ఉన్న చోట ఎర్రటి గీత మెల్లగా తెలుపు మీదికి ఊరి వస్తుంది. మొదటిసారి నా బ్రాకెట్ మీద అలా నాలుగు సెంటీమీటర్ల గీత ఊరడం చూసినప్పుడు నాకు గుండె ఆగినంత పనైంది.

సొట్ట పడితే వేడి చేసి తీయొచ్చా?

వద్దు. స్టీల్ ఎర్రబడి హెచ్చరిస్తుంది. అల్యూమినియం రంగు మారకుండానే మెత్తబడి, ఉన్నట్టుండి జారిపోతుంది. చిన్న సొట్టను చెక్క సుత్తితో చల్లగా సరిచేయవచ్చు. మడత దగ్గరో బ్రాకెట్ దగ్గరో వంగితే ఆ ముక్క మార్చాల్సిందే. అందుకే బ్రాకెట్లు వెల్డింగ్ కాకుండా బోల్టులతో ఉండేలా చేయించుకోవాలి.

శ్రీశైలం దారిలో అడవి పంది, గేదె అడ్డమొస్తే ఇది కాపాడుతదా?

లైట్లు, రేడియేటర్ కొంతవరకు మిగులుతాయేమో. లోపలి మనుషుల్ని కాపాడేది కంపెనీ ఇచ్చిన నలిగే ముందు భాగం, బెల్టు, తగ్గించిన వేగం. 60 కిలోమీటర్ల వేగం 40కి తగ్గితే ఢీకొనే శక్తి సగానికన్నా కిందికి పడుతుంది. ఏ బంపరూ అంత తగ్గించలేదు. అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో ఆ దారిని రాత్రి తొమ్మిది నుంచి ఉదయం ఆరు దాకా మూసేది జంతువుల కోసమే. గేటు పడకముందే మన్ననూరు చెక్‌పోస్టు దాటిపోవాలని తొందరపడకుండా, ఆ రాత్రికి ఇవతలే ఆగిపోండి.